నాన్నకి 45కే శుక్లాలు, ఇప్పుడు నాకూ మొదలు. జీన్ టెస్ట్ చేయించాలా?

టంగుటూరోడు:
మా నాన్న పొగాకు రైతు. 45 ఏళ్లకే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చుట్టలు ఎక్కువ, అందుకే అనుకున్నాం. కానీ మా మేనత్త చుట్ట ముట్టలేదు, షుగర్ లేదు, ఆమెకీ 43కే వచ్చాయి. నాయనమ్మ నడివయసులోనే బియ్యంలో రాళ్లు ఏరడం మానేసిందట. నాకు 39. రాత్రి ఒంగోలు నుంచి బండి మీద వస్తుంటే ఎదురు లారీ లైటు పీచుమిఠాయిలా విచ్చుకుంటోంది. డాక్టరు చుక్కలు వేసి చూసి "మొదలైంది" అన్నారు. నా సంగతి సరే, పాపకి తొమ్మిదేళ్లు. టెన్షన్ అంతా దాని గురించే.

కొండపి రైతు:
పొగాకు ఆరబెట్టే బ్యారన్ వేడికి అన్నా. ఎన్నేళ్లు ఆ మంట ముందు కూర్చున్నాం!

టంగుటూరోడు:
అత్త పెళ్లయ్యాక బ్యారన్ ముఖమే చూడలేదు తమ్ముడూ.

నెల్లూరు కళ్లద్దాలు:
17 ఏళ్లుగా కళ్ల పరీక్షలు చేసే పనిలో ఉన్నాను, నాకు తెలిసింది చెబుతా. కంటి కటకంలో ఎక్కువ భాగం క్రిస్టలిన్ అనే ప్రోటీన్లే. లోపలి కణాలు, ప్రోటీన్ల తయారీ సూచనలుండే న్యూక్లియస్‌ని వదిలేస్తాయి కాబట్టి పాతది చెడితే కొత్తది తయారు కాదు. నడిమధ్య భాగమైతే అమ్మ కడుపులో చేసుకున్న సరుకుతోనే చివరిదాకా నెట్టుకురావాలి. మిగతావి పాలు విరిగినట్టు ముద్దకట్టకుండా ఆల్ఫా క్రిస్టలిన్ కాపలా కాస్తుంది. దాని జీన్లు రెండు, ఒకటి 21వ క్రోమోజోములో, ఇంకొకటి 11లో. మొదటిది చేసే ప్రోటీన్లో 116వ చోట ఆర్జినైన్ అనే ముక్క బదులు సిస్టీన్ అనే ముక్క పడితే పుట్టుకతోనే శుక్లాలు వస్తాయని 1998లో ఒక కుటుంబంలో తేల్చారు. తేడా అంత పెద్దది కాకపోతే కాపలా కొంచెం ముందుగా అలసిపోతుంది, అంతే. వయసుతో వచ్చే శుక్లాల్లోనూ వంశం వాటా ఉంది. 2000లో బ్రిటన్ కవలల్ని పరిశీలిస్తే, కటకం నడిమధ్య వచ్చే రకంలో ఆ వాటా 48 శాతం తేలింది.

ఒకే జీన్ లోపం వరసగా దిగుతుంటే పాపకి సగానికి సగం అవకాశం. కానీ మీ ఇంట్లో అదేనని ముగ్గుర్ని చూసి చెప్పలేం. టెస్టులో ఏం తేలినా మీకు చేసేది అదే ఆపరేషన్. ఆ డబ్బు దాచుకుని ముందు పాపని తీసుకెళ్లండి. చుక్కలు వేసి, కంట్లోకి సన్నని వెలుగు వేసి పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్‌తో చూస్తే తేలిపోతుంది.

టంగుటూరోడు:
శనివారం తీసుకెళ్తా. పక్కనే ఉండి నాన్న అడుగుతున్నాడు, "వంశానిదే అయితే చుట్టది తప్పు లేనట్టేగా?" అని.

నెల్లూరు కళ్లద్దాలు:
పెద్దాయన ఆశ బాగుంది గానీ, పొగ కూడా శుక్లాలు తెస్తుందని చెప్పండి. ఆయనకి ఇప్పుడు తీసేసిన కటకాలు కాబట్టి శుక్లాల భయం లేదు. మీరు మాత్రం ఆ చుట్ట అందుకోవద్దు.