ఉమ్మడి చిత్తూరు జిల్లా చిత్రకళా పోటీకి జడ్జీలు: ఎంతమంది ఉండాలి, మార్కులు ఎట్లా వేయించాలి?

తిరుపతి_కుంచె:
అందరికీ నమస్కారం. మా కళాసంఘం తరఫున తిరుపతిలో ఉమ్మడి చిత్తూరు జిల్లా స్థాయి పోటీ పెడతా ఉండాం. కాన్వాసు, పేపరు బొమ్మలు 96, కలంకారీ గుడ్డలు 64 వచ్చినాయి. ఇవి కాక 6 నుంచి 10వ తరగతి పిల్లలకు అక్కడికక్కడే గీసే పోటీ ఉంది. జడ్జీలు ముగ్గురు: ఒక డ్రాయింగ్ మాస్టారు, ఒక పెయింటరు, ఒక కలంకారీ కళాకారుడు. ముగ్గురూ వందకు మార్కులు వేస్తే కూడి, ఎక్కువ వచ్చినవాళ్లకు బహుమతి ఇయ్యాలని అనుకున్నాం. అంతా ఒక్క రోజులో అయిపోవాల. ఎక్కడ దెబ్బ తింటామో తెలిసినవాళ్లు చెప్పండి. శ్రీకాళహస్తి గుడ్డల్లో చాలామటుకు మా కలంకారీ జడ్జి గారి శిష్యులవే, అదొక భయం.

స్వర్ణముఖి_గట్టు:
అన్నా, ముగ్గురు చాలు, కానీ మార్కులు కూడే పద్ధతి మాత్రం మార్చండి. ఒక జడ్జి 40 నుంచి 95 దాకా చెయ్యి చాపి వేస్తాడు, ఇంకో జడ్జి అందరికీ 65, 75 మధ్యనే వేస్తాడు. కూడినప్పుడు మొదటాయన మాటే గెలుస్తుంది. లెక్క చూడండి. ఒక బొమ్మకు 90, 68, 67 వచ్చినాయి, మొత్తం 225. ఇంకోదానికి 60, 72, 72, మొత్తం 204. ముగ్గురిలో ఇద్దరు రెండోదే బాగుందన్నారు, బహుమతి మాత్రం మొదటిదానికి పోయింది. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, కొలతలే వేరు.

దానికి బదులు స్థానాలు వేయించండి. చివరి రౌండులో ఒక్కో జడ్జి తనకు నచ్చిన పదింటిని 1 నుంచి 10 దాకా వరసగా రాయాల. ఆయన పదిలో లేని బొమ్మకు 11 వేసుకోండి. ముగ్గురి అంకెలు కూడితే తక్కువ వచ్చినదే గెలుపు. సమానమైతే ఎవరికి ఎక్కువ మొదటి స్థానాలు పడినాయో చూడండి, అదీ సమానమైతే ముగ్గురూ ఆ రెండు బొమ్మల ముందు నిలబడి తేల్చాల. ఈ నియమం పోటీకి ముందే కాగితం మీద ఉండాల. ఫలితం వచ్చినాక రాస్తే ఎవురూ నమ్మరు.

మొదటి రౌండులో మార్కులే వద్దు. బొమ్మకు అర నిమిషం, 'ఉంచు', 'చూద్దాం', 'వద్దు' అంతే. 96 బొమ్మలకు 48 నిమిషాలు. ముగ్గురినీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టించొద్దు. ఒకరు 1 దగ్గర, ఒకరు 33 దగ్గర, ఒకరు 65 దగ్గర మొదలుపెట్టి చుట్టి రావాల. లేకుంటే చివరి ముప్పై బొమ్మలకు ముగ్గురి కళ్లూ అలిసిపోయి ఉంటాయి. ఇద్దరు 'ఉంచు' అంటే పై రౌండుకు, ఒక్కరు అన్నా ఇంకొకసారి ముగ్గురూ చూడాల. మాటలు మాత్రం కాగితాలు చేతికిచ్చినాకే. ముందే 'ఇది బాగుందబ్బా' అని ఒక పెద్దాయన అనేస్తే మిగతా ఇద్దరి కలం అటే వంగుతుంది.

కరక్కాయ_పువ్వు:
కలంకారీని కాన్వాసుతో కలిపి చూడొద్దు, వేరే విభాగం, వేరే ప్యానెల్ పెట్టండి. ముగ్గురిలో ఇద్దరికైనా కలం పట్టిన చెయ్యి ఉండాల. అచ్చులతో అద్దే కలంకారీకి పేరున్న పెడన నుంచి పిలిస్తే రంగుల సంగతి, అచ్చు సంగతి బాగా తెలుస్తుంది, కానీ కలం గీత వేరే విద్య.

గుడ్డను అద్దంలో ఫ్రేము కట్టించొద్దని అందరికీ చెప్పండి. పైఅంచులో కర్ర దూరేంత మడత కుట్టించి వేలాడదీస్తే జడ్జి తిప్పి చూడగలడు. అసలు పరీక్ష వెనకే. కసిం, అంటే ఇనుము ఊరబెట్టి తీసిన నల్లనీళ్లు, గుడ్డలోకి దిగి కరక్కాయ వగరుతో కలిసి నలుపెక్కుతుంది కాబట్టి గీత వెనక కూడా తెలుస్తుంది. తెరతో (స్క్రీన్ ప్రింటు) కొట్టిన నలుపు పైననే పొరలా ఉంటుంది, వేలికి తగులుతుంది. కలంతో లాగిన గీత మొదట్లో లావుగా ఉండి, కలం చుట్టూ చుట్టిన ఉన్నిలో నల్లనీళ్లు తగ్గేకొద్దీ సన్నబడుతుంది. అంచులోని రెండు హంసలను పక్కపక్కన చూడండి. రెండింటి ముక్కు దగ్గరా అదే తప్పు, అదే చోట ఉంటే అది చేతి పని కాదు.

గీత చుట్టూ సన్నని వెంట్రుకల్లా నలుపు పాకిందంటే గుడ్డకు పాలు సరిగా పట్టలేదు. కరక్కాయలో కలిపే పాలలోని కొవ్వే నల్లనీళ్లు పాకకుండా ఆపేది. ఎరుపు గీత దాటి బయటికి వచ్చిందంటే పటిక పూసేటప్పుడు చెయ్యి జారింది, ఎందుకంటే ఎరుపు పటిక ఉన్నచోటే పట్టుకుంటుంది. ఆకుపచ్చ నీలం మీద పసుపు పూసి తెచ్చేది, అందుకే ఆకు అంచులో చాలాసార్లు ఏదో ఒక రంగు సన్నగా బయటపడి ఉంటుంది. అది లోపం కింద కొట్టేయొద్దని కాన్వాసు నుంచి వచ్చే జడ్జికి ముందే చెప్పండి. మెరిసిపోయే చిలకపచ్చ, గులాబీ కనిపిస్తే మాత్రం సహజ రంగులేనా అని కళాకారుణ్ణి అడగాల్సిందే.

చూడడానికి కూడా ఎక్కువ సమయం ఇయ్యండి, గుడ్డకు ఒక నిమిషం. 64 గుడ్డలకు గంట దాటుతుంది, మధ్యలో పది నిమిషాలు ఆపండి.

తిరుపతి_కుంచె:
శిష్యుల సంగతి చెప్పండక్కా. ఆయన్ను వద్దంటే బాధపడతారు.

కరక్కాయ_పువ్వు:
1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టినప్పటి నుంచి అక్కడ గురువు, శిష్యుడు, శిష్యుడి శిష్యుడు అని గొలుసు నడస్తా ఉంది. ఏ సంబంధమూ లేని జడ్జి కావాలంటే దొరకడు. నేరుగా నేర్పినవాళ్లు, ఇంటివాళ్లు, గత మూడేళ్లలో కూలికి పని చేయించినవాళ్లు: ఈ మూడూ రాసి సంతకం పెట్టించుకోండి. అట్లాంటి గుడ్డలు ఒకటో రెండో అయితే ఆయన వాటి దగ్గర తప్పుకుంటే చాలు. సగం ఆయన శిష్యులవే అయితే జడ్జిగా కాక, పోటీకి ముందు జడ్జీలకు పనిలోని మెళకువలు వివరించే పెద్దగా కూర్చోబెట్టండి. అది తక్కువ గౌరవం కాదు.

ఒకరు తప్పుకుంటే ఇద్దరి అంకెలే మిగులుతాయి, లెక్క చెడుతుంది. అందుకే నాలుగో జడ్జిని మొదటినుంచీ ఉంచండి. ఆయన అన్నీ చూసి స్థానాలు రాస్తాడు, ఎవరన్నా తప్పుకున్న బొమ్మకే ఆయన అంకె వాడాల.

పీలేరు_డ్రాయింగ్:
పిల్లల పోటీకి షీట్లు మీరే ఇయ్యండి, వెనక సంఘం ముద్ర, పర్యవేక్షకుడి సంతకం గంట మొదలయ్యే ముందే పడాల. ఇంట్లో గీసిన షీటు మార్చకుండా ఇదొక్కటే అడ్డం. 6, 7 తరగతులు ఒకటి, 8 నుంచి 10 ఒకటిగా విడదీయండి. అంశం అక్కడే చెప్పండి. తల్లిదండ్రులు గది బయట.

ఇంకొకటి, స్థానాల పద్ధతికి ఒప్పుకుంటా కానీ పిల్లలకు అది చాలదు. 'నాది ఎందుకు రాలేదు సార్' అని అడిగితే 'ఏడో స్థానం' అని చెప్పలేం కదా. జడ్జి ఒక్కో షీటు వెనక పెన్సిలుతో ఒక్క వాక్యం రాయాల. 'చెట్టు బాగా కుదిరింది, మనుషుల చేతులు చూసి గీయి' అన్నట్టు. అరవై షీట్లకు ఇంకో గంట పడుతుంది. ఆ గంటకు వెనకాడొద్దు.

అర్హత కూడా స్పష్టంగా రాయండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, నెల్లూరు నుంచి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 'ఉమ్మడి చిత్తూరు' అంటే మదనపల్లె వాళ్లు వస్తారు, సూళ్లూరుపేట వాళ్లు రారు. నియోజకవర్గాల పేర్లు వరసగా రాసేస్తే బహుమతి రోజు గొడవ ఉండదు.

తిరుపతి_కుంచె:
చాలా మేలు చేసినారు. బొమ్మల మీద సంతకాలకు మాస్కింగ్ టేపు అతికిస్తాం, వెనక నంబరు చీటీ ఉంటుంది. మరి గుడ్డల మీద పేర్లు అంచులోనే కలంతో రాసి ఉండాయి. అక్కడా టేపేనా?

కరక్కాయ_పువ్వు:
గుడ్డ మీద టేపు వద్దే వద్దు, జిగురు మరక పోదు, ఎండకు ఇంకా పట్టేస్తుంది. పేరున్న మూల మీద నాలుగంగుళాల తెల్లగుడ్డ ముక్క పెట్టి, సన్నసూదితో నాలుగు వదులు టాకాలు వేయండి. జడ్జీలు పోయినాక దారం తెంపితే గుర్తు కూడా మిగలదు. గుండుసూదులు పెట్టొద్దు, తేమకు తుప్పు పట్టి కరక్కాయ పట్టిన గుడ్డ మీద నల్ల చుక్క దిగుతుంది.