కాకిని పంపిందెవరు? 'ఆల్ క్లియర్' ముగింపు మోసమా, కాదా

పాతపుస్తకాలవీధి
కథ చివరిదాకా చెప్పేస్తున్నాను. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

కోనీ విల్లిస్ (Connie Willis) అనే అమెరికా రచయిత్రి నవల ఇది. 2010లో ఎనిమిది నెలల తేడాతో రెండు పుస్తకాలుగా వచ్చింది, ముందు 'బ్లాకౌట్', తర్వాత 'ఆల్ క్లియర్'. రెండూ కలిపి వెయ్యి పేజీలు దాటతాయి. 2060లో ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివేవాళ్లు పరిశోధన కోసం గతంలోకి వెళ్లొస్తుంటారు. అలా రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లండుకు వెళ్లిన ముగ్గురు తిరిగి రాలేక ఇరుక్కుపోతారు. పాలీ లండన్‌లో ఒక పెద్ద షాపులో సేల్స్ గర్ల్. ఐలీన్ పల్లెటూళ్లో, బాంబుల భయంతో లండన్ నుంచి పంపేసిన పిల్లలను చూసుకునే పనిమనిషి. మైక్ డోవర్‌కు విలేఖరి వేషంలో వెళ్లబోయి, ఫ్రాన్స్ తీరాన యుద్ధం జరుగుతున్న డన్‌కర్క్‌లో తేలతాడు. తమ వల్లే చరిత్ర తారుమారైందేమో, హిట్లర్ గెలుస్తాడేమో అని ముగ్గురికీ ఒకటే గుబులు.

నా గొడవ ఏమిటంటే, వందల పేజీల పాటు ఒకరినొకరు తప్పిపోవడమే కథ. ఒకరు రైలు దిగేసరికి ఇంకొకరు ఎక్కేస్తారు. చెప్పాల్సిన మాట చెప్పబోతుంటే సైరన్ మోగుతుంది. టీవీ సీరియల్‌లో తలుపు తీసి ఎవరొచ్చారో చూపించకుండా ఆపేసినట్టు ప్రతి అధ్యాయమూ ఆగుతుంది. సరే, ఓర్చుకున్నాను. రెండో పుస్తకం చివర తేలేదేమిటి? అవేవీ కాకతాళీయం కావట. కాలమే వీళ్లను అక్కడ ఆపి, యుద్ధం గెలవడానికి కావలసిన చిన్న చిన్న పనులు వీళ్ల చేత చేయించిందట. తన కథలో అతకని చోట్లన్నిటికీ రచయిత్రి ఒకే దెబ్బతో మాఫీ ఇచ్చేసుకుంది. ఇది మోసం కాదా?

గోదారిగట్టు
కాదండీ. అసలు చరిత్రే అంతకంటే నమ్మశక్యంగా ఉండదు. 1940 డిసెంబర్ 29 రాత్రి లండన్ మీద జర్మన్ల బాంబుదాడి సంగతి చూడండి, నవల్లోనూ అదే పెద్ద ఘట్టం. ఆదివారం, క్రిస్మస్ సెలవులు, సిటీలో ఆఫీసులన్నిటికీ తాళాలు. కప్పుల మీద నిప్పుబాంబులు పడితే ఆర్పేవాళ్లు లేరు. పైగా థేమ్స్ ఆటు మీద ఉంది. నీళ్లు బాగా దిగిపోయి ఫైరింజన్ల గొట్టాలకు అందలేదు. చుట్టూ వీధులకు వీధులే తగలబడిపోతుంటే సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటంలో ఒక నిప్పుబాంబు గుచ్చుకుంది. పైన సీసపు రేకు కరగడం మొదలైంది. లోపలికి పడితే కింద అంతా చెక్క దూలాలు. అది బయటికి జారి, గుమ్మటం చుట్టూ ఉన్న రాతి నడవా మీద పడింది. ఆర్పేశారు.

ఇది ఎవరైనా కథగా రాస్తే మీరే నవ్వేవారు. చర్చి ఒక్కటీ మిగలడమేమిటి, దేవుడొచ్చి కాపాడాడా అని.

పాతపుస్తకాలవీధి
మీరు నా తరఫునే వాదిస్తున్నారు గట్టు గారూ. ఆ బాంబు బయటికే ఎందుకు జారిందో ఎవరూ కారణం చెప్పరు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు జలదరిస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతవరకే. విల్లిస్ అక్కడ ఆగలేదు. కాకిని పంపిందెవరో కూడా చెప్పింది. చెప్పాక ఇక అది కాకి కాదు, కొరియర్.

వెంబ్లీ_వాసి
చిన్న మాట. నేను రోజూ ఆఫీసుకు వెళ్లేది లండన్ భూగర్భ రైళ్లలో జూబ్లీ లైన్ మీద. అది మొదలైంది 1979లో. ఈ నవల్లో 1940లోనే దాని పేరు వినిపిస్తుంది! అమెరికా రచయిత్రి కదా, మ్యాప్ చూసి రాసినట్టుంది. ఇక్కడివాళ్లు దీని మీద బాగానే ఆడుకున్నారు.

అయితే స్టేషన్లలో తలదాచుకునే ఘట్టాలు మాత్రం నాకు ప్రాణం. ఆ రోజుల్లో ప్లాట్‌ఫారం మీద అంచు నుంచి ఎనిమిది అడుగుల దగ్గర ఒక తెల్లగీత, నాలుగు అడుగుల దగ్గర ఇంకొకటి గీసేవారు. రాత్రి ఏడున్నర దాకా పడుకునేవాళ్లు మొదటి గీతకు అవతల, గోడ పక్కన ఉండాలి. తర్వాత రెండో గీత దాకా జరగొచ్చు. పదిన్నరకు రైళ్లు ఆగాక ప్లాట్‌ఫారమంతా వాళ్లదే. అంటే పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ఉంటే ఎదురుగా ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు దిగి, వీళ్ల కాళ్ల మధ్య నుంచి దాటుకుంటూ వెళ్లేవారన్నమాట. ఇప్పుడు మనం ఫోన్ చూసుకుంటూ నిలబడే చోటే. అంత లోతున కూడా భద్రం లేదు. 1940 అక్టోబర్ 14న బాలమ్ స్టేషన్‌లో అరవై మందికి పైగా పోయారు.

కరవుసీమ
నా బాధ వేరు. లండన్ షాపులో సేల్స్ గర్ల్ దగ్గర్నుంచి అంబులెన్స్ డ్రైవర్ దాకా అందరి చిన్న చిన్న సాయాలూ కలిసి యుద్ధం గెలిపించాయి అంటుంది ఈ పుస్తకం. బాగుంది. మరి మనవాళ్లు? ఇండియన్ ఆర్మీలో పాతిక లక్షల మంది పనిచేశారు. వెయ్యి పేజీల్లో వాళ్లకు చోటెంత? అంతకంటే పెద్ద చిక్కు, కాలమే మంచి ఫలితం కోసం సర్దుబాట్లు చేస్తుందంటే, 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో పోతుంటే ఆ సర్దుబాటు ఏమైంది? రైలు ఒక్క నిమిషం ఆలస్యం చేయగలిగిన కాలం ఓడ నిండా బియ్యం పంపలేకపోయిందా? కాలం కూడా బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నట్టుంది.

గోదారిగట్టు
లండన్ గురించి రాసిన నవల్లో బెంగాల్ లేదనడం భావ్యం కాదు బ్రదర్. ఎవరి ఊరు వాళ్లు రాస్తారు.

కరవుసీమ
ఊరి గురించే రాస్తే నేనూ ఒప్పుకునేవాణ్ణి. ప్రపంచానికంతటికీ వర్తించే సూత్రం చెప్పింది కదా. సూత్రం చెప్పాక లెక్క అడుగుతాం.

పాతపుస్తకాలవీధి
+1. నాకు తట్టలేదు ఇది.

ఉక్కునగరం
ఆలస్యంగా వస్తున్నాను. మీరంతా ముగింపు పట్టుకున్నారు, నాకు మాత్రం మధ్యలో ఉన్నదే ముఖ్యం. పాలీ ఏ రోజు ఏ వీధిలో బాంబు పడుతుందో బట్టీ పట్టి వస్తుంది. అందుకే మొదట్లో ఆమెకు భయం లేదు, జనాన్ని వింత చూసినట్టు చూస్తుంది. తర్వాత ఆ జాబితా అయిపోతుంది. అప్పటినుంచి ఆమె కూడా అందరిలాగే రాత్రి సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో తెలియని మనిషి. టైమ్ ట్రావెల్ కథల్లో యుద్ధాన్ని ఇలా చూపించినవి నేను చదవలేదు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీదా, కాకినాడ మీదా బాంబులేశాయి. లండన్ మీద వరసగా 57 రాత్రులు పడ్డవాటితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. కానీ ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. మా అమ్మమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లు. దొడ్లో ఇత్తడి బిందెలు గొయ్యి తీసి పాతిపెట్టి, ఇంటికి తాళం వేసి, బండి కట్టుకుని చోడవరం వైపు పోయారు. రేపు మళ్లీ వేస్తారా, జపాన్ వాళ్లు ఒడ్డున దిగుతారా, ఎవరికీ తెలియదు. వాళ్లు ఒడ్డున దిగలేదని మనకు తెలుసు కాబట్టి మనం ఆ పరుగును చూసి నవ్వుతాం. అమ్మమ్మ నవ్వేది కాదు.

గోదారిగట్టు
ఇంకొకటి కూడా. మైక్ చావు మరిచిపోతున్నారు. మనిషి లేకుండా ఎగిరొచ్చే జర్మన్ల వీ-1 బాంబులు లండన్ దాటి పోతున్నాయని బ్రిటిష్ గూఢచారి విభాగం జర్మన్లకు తప్పుడు కబుర్లు పంపింది. వాళ్లు గురి తగ్గించుకున్నారు. సెంట్రల్ లండన్‌కు కొంత ఊరట, ఆగ్నేయాన ఉన్న పేటలకు మాత్రం వాత. క్రాయ్‌డన్ మీద పడ్డన్ని వీ-1లు లండన్‌లో ఇంకెక్కడా పడలేదు. ఇది నిజంగా జరిగింది. నవల్లో మైక్ తన చావు తానే పుట్టించి, పేరు మార్చుకుని ఆ మోసపు వార్తలు రాసే పనిలోనే చేరతాడు, ఆఖరికి వీ-1 దెబ్బకే పోతాడు. కాలం అన్నీ సర్దింది అంటున్నారే, వాడికేం సర్దింది?

పాతపుస్తకాలవీధి
ఇది మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. మైక్ భాగం మళ్లీ చదువుతాను. రైలు తప్పిపోవడాల మీద నా మాట మాత్రం మారదు, రెండొందల పేజీలు కోసేసినా నవలకేమీ కాదు.

ఉక్కునగరం గారూ, మీ అమ్మమ్మ వాళ్లు మళ్లీ ఎప్పుడు తిరిగొచ్చారు?

ఉక్కునగరం
వానలు మొదలయ్యాక అనేది. ఆరు బిందెలు పాతితే తవ్వినప్పుడు ఐదే దొరికాయట. ఆరోది ఎవరు తీశారన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.