అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?

ప్రశ్న: ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో. ఆఫీసుకు రానూపోనూ 45 కిలోమీటర్లు, నెలకోసారి విజయవాడలో అత్తగారిల్లు. పెట్రోలుకే 11 వేలు అవుతోంది. వాడుతున్నవాళ్లు చెప్పండి.

జవాబు: రెండేళ్లుగా నెక్సాన్ ఈవీ నడుపుతున్నా, 30 యూనిట్ల బ్యాటరీ. ఏసీ వేసుకుని సిటీలో 200 కిలోమీటర్లు వస్తుంది. ఫుల్ ఛార్జికి మీటరులో 33 యూనిట్ల దాకా తిరుగుతాయి, అంటే మూడొందలు. రాత్రి పదింటికి 15 ఆంప్స్ ప్లగ్గులో పెడితే, రోజూ ఆఫీసుకి తిరిగినంత తెల్లారేసరికి ఎక్కేస్తుంది.

అసలు తలనొప్పి కారుతో కాదు, అసోసియేషన్‌తో. నా మీటరు నుంచి నా పార్కింగ్‌కి వైరు లాక్కోవడానికి మూడు నెలలు బతిమాలాను! తీరా లాగాక ఛార్జింగ్ ఎక్కలేదు. ఎర్తింగ్ సరిగా లేదట. అది ముందే చూపించుకోండి.

మరో జవాబు: విజయవాడకి సూర్యాపేటలో ఆగాల్సిందే. టీ, టిఫిన్ అయ్యేలోపు సరిపడా ఎక్కుతుంది, కానీ యూనిట్ 20 రూపాయల పైనే. సంక్రాంతికి మాత్రం వెళ్లకండి బాబూ, ఛార్జర్ దగ్గర నా ముందు నాలుగు కార్లు.

ఇంకొకరు: తెలంగాణలో రోడ్ ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకే. కొనేదుంటే ఆలోపే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. వైరుకి ఎంతైంది?

జవాబు: 35 మీటర్లు, ఎంసీబీతో (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) కలిపి 11 వేలు. మీ ఒక నెల పెట్రోలు.