మామూలు బ్లాగు థీమ్‌నే మార్చుకుని సొంత సైటులా చేసుకున్నవాళ్లు ఉన్నారా? ఉదాహరణలు చెప్పండి

గుంటమగ్గం:

నమస్తే అండి అందరికీ. మా అమ్మ మంగళగిరిలో నలభై ఏళ్లు గుంటమగ్గం (గుంటలో కాళ్లు పెట్టి నేసే మగ్గం) మీద చీరలు నేసింది, మోకాళ్లు సహకరించక ఇప్పుడు మానేసింది. ఏడాది నుంచి ఫోన్‌లో మాట్లాడుతూ, అది టైప్ చేసుకుంటూ పోతుంటే, తన పని గురించి రాస్తోంది. పడుగు, అంటే నిలువు దారాలు, సరిచేసే రోజు తెల్లారగట్ల వీధంతా ఎలా ఉండేది, జరీ ధర పెరిగిన ఏడాది ఇంట్లో ఏమేం మానుకున్నారు, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తనకి అడ్డనూలు కండెలకి చుట్టడం ఎవరు నేర్పారు, ఇలాంటివన్నీ. ఇప్పటికి 46 పోస్టులయ్యాయి. నేను వర్డ్‌ప్రెస్‌లో (బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్) ట్వంటీ ట్వంటీ త్రీ అనే థీమ్, అంటే పేజీకి రెడీమేడ్ డిజైన్, వేసి పెట్టేసా, ఉచితం, తేలిగ్గా లోడవుతుంది అని.

బాధేంటంటే చూడ్డానికి అది ఎవరి బ్లాగైనా కావచ్చు. తెల్ల పేజీ, పైన పేరు, కింద పోస్టులు. అమ్మ రాసింది చదివితే మగ్గం చప్పుడు వినిపిస్తుంది, పేజీ చూస్తే ఏమీ అనిపించదు. ఒక డిజైనర్‌ని అడిగితే మొత్తం మొదట్నుంచి కడతానన్నారు, వాళ్లు చెప్పిన డబ్బు మా వల్ల కాదు.

మామూలు థీమ్ తీసుకుని దాన్నే మార్చుకుని చూడగానే ఇది ఫలానావాళ్లది అని తెలిసేలా చేసుకున్నవి మీరు చూసినా, మీరే చేసినా కాస్త చెప్తారా? నాకు సీఎస్‌ఎస్ (పేజీలో రంగులు, అక్షరాలు, ఖాళీలు ఎలా ఉండాలో చెప్పే కోడ్) రాయడం రాదు కానీ చూసి అర్థం చేసుకోగలను.

పాతబ్లాగరి:

మంచి పని చేస్తున్నారమ్మా, ముందు అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

నేను బ్లాగులు మొదలైన రోజుల నుంచి ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తా. 2005లో వర్డ్‌ప్రెస్ 1.5తో పాటు క్యూబ్రిక్ అని ఒక థీమ్ వచ్చేది, పైన గుండ్రటి మూలల నీలం పట్టీ ఉంటుంది చూడండి, అదే. 2010లో ట్వంటీ టెన్ వచ్చేదాకా ఐదేళ్లు ఎక్కడ చూసినా ఆ నీలమే. ట్వంటీ టెన్‌లో పైన 940 పిక్సెళ్ల వెడల్పు, 198 ఎత్తు ఉన్న బొమ్మని మనమే మార్చుకోవచ్చు. అప్పుడు నేను మా ఊరి కాలవగట్టు ఫొటో ఒక్కటి అక్కడ పెట్టా, అంతే, ఇంకేం ముట్టుకోలేదు. మా ఊరివాళ్లు దుబాయ్ నుంచి, బెంగళూరు నుంచి మెయిళ్లు రాశారు, తెరవగానే ఇంటికొచ్చినట్టుంది అని. ఒక్క బొమ్మతో కూడా పనవుతుందని అప్పుడు తెలిసింది నాకు.

ఉదాహరణలు కావాలన్నారు కాబట్టి, సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్ అని ఒకటుంది, 2003లో డేవ్ షే అనే డిజైనర్ మొదలుపెట్టాడు, అది తప్పకుండా చూడండి. అక్కడ పేజీ ఒక్కటే, అందులో మాటలు ఒక్కటే, హెచ్‌టీఎమ్‌ఎల్ (పేజీ నిర్మాణం చెప్పే కోడ్) ఒక్క అక్షరం మార్చకూడదు, సీఎస్‌ఎస్సూ బొమ్మలూ మాత్రమే మార్చాలి. ఆ షరతు మీద రెండు వందల పైచిలుకు డిజైన్లు వచ్చాయి, ఒకదాన్ని చూసి ఇంకోటి చూస్తే రెండూ ఒకే పేజీ అంటే నమ్మలేరు. బ్లాగు థీమ్ కూడా అంతే కదా, అస్థిపంజరం ఒకటే, పైన వేసే బట్ట మనిష్టం.

ఇంకోటి, మీరు వాడుతున్న ట్వంటీ ట్వంటీ త్రీలోనే పది స్టైల్ వేరియేషన్లు, అంటే రెడీమేడ్ రూపాలు, ఉన్నాయి, వేరే వేరే ఊళ్ల డిజైనర్లు చేసినవి. ఎడిటర్‌లో స్టైల్స్‌లోకి వెళ్లి కెనరీ, పిల్‌గ్రిమేజ్, విస్పర్ ఒక్కోటి మార్చి చూడండి. మీకు ఏదీ నచ్చకపోయినా ఒకే థీమ్‌ని రంగు, ఫాంటు, ఖాళీలతోనే ఎంత దూరం తీసుకెళ్లొచ్చో కళ్లముందే కనిపిస్తుంది.

ఓరుగల్లు_ఫొటోలు:

మా నాన్న రిటైరయ్యాక కాకతీయుల గుళ్ల ఫొటోలు తీస్తూ తిరుగుతున్నడు, ఆయన సైటు నేనే చేసిన, ట్వంటీ ట్వెల్వ్ అనే థీమ్ మీద. మీకు పనికొస్తదేమో చూడండి.

రంగులు ఏం పెట్టాలో తెల్వక మొదట్ల బంగారు రంగు, కుంకుమ రంగు అన్నీ పెట్టిన, గుడి కదా అని. పెండ్లిపత్రిక లెక్క తయారైంది. తర్వాత నాన్న తీసిన రామప్ప ఫొటో కంప్యూటర్ల తెరిచి అండ్ల నుంచే రంగులు తీసుకున్న. రామప్ప గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, మదనికలూ (స్త్రీ శిల్పాలు) స్తంభాలూ నల్లరాయి. ఆ ఎరుపు లింకులకు, ఆ నలుపు అక్షరాలకు, పొద్దుటి ఎండల రాయి మీద పడే తెలుపు బ్యాక్‌గ్రౌండుకు. మూడే రంగులు. పక్కన ఉండే సైడ్‌బార్ మొత్తం తీసేసిన, ఫొటో వెడల్పు పెంచిన, ఫొటో కింద గుడి పేరు, ఊరు, కట్టిన ఏడు అని ఒక లైను. 1213 అని ఉంటే చాలు, దాని పక్కన పోస్ట్ చేసిన తారీకు ఎందుకు, అది కూడా తీసేసిన. ఇప్పుడు ఎవరు చూసినా ఇది వర్డ్‌ప్రెస్ థీమా అని అడుగుతరు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. నేను మొదట్ల థీమ్ ఫైళ్లలోనే దిద్దిన, అప్‌డేట్ రాంగనే మూడు వారాల పని మొత్తం పోయింది, బ్యాకప్ లేదు, ఆ రోజు అన్నం కూడా తినలే. మీరు చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడే పిల్ల థీమ్) చేసుకోండి, వేరే ఫోల్డర్ పెట్టి అండ్ల స్టైల్ ఫైలు పైన థీమ్ నేమ్ అనే లైనుల మీ థీమ్ పేరు, టెంప్లేట్ అనే లైనుల అసలు థీమ్ ఫోల్డర్ పేరు రాస్తే చాలు, అసలు థీమ్ అప్‌డేట్ అయినా మీ మార్పులు అట్లనే ఉంటయ్. రెండు మూడు లైన్ల మార్పులే అయితే అది కూడా వద్దు, అడిషనల్ సీఎస్‌ఎస్ అనే జాగల రాసుకోండి.

వత్తులూ_గుడులూ:

అందరూ రంగులు చెప్తున్నారు, నేను అక్షరాల గురించి చెప్తా, ఎందుకంటే తెలుగు సైటు అందంగా ఉందా లేదా అనేది ముప్పాతిక వంతు అక్కడే తేలిపోతుంది. ఈ థీములన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇంగ్లీషులో లైను కింద వేలాడేది వై, జీ లాంటి నాలుగైదు అక్షరాలే. మనకి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. థీమ్‌లో లైన్ హైట్ (లైనుకీ లైనుకీ మధ్య దూరం, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.6 దగ్గర ఉంటే పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతుంది, చదివేవాళ్లకి ఎందుకో తెలియకుండానే కళ్లు అలిసిపోతాయి. 1.8 నుంచి 1.9 పెట్టండి. హెడింగులకి థీములు ఇంకా బిగించి పెడతాయి, 1.2 అలా, అక్కడైతే అక్షరాలు తెగిపోయినట్టే కనిపిస్తాయి, కాబట్టి వాటికి కనీసం 1.5 ఇవ్వండి.

లెటర్ స్పేసింగ్ ఉంటే సున్నా చెయ్యండి, తెలుగు హెడింగులో అక్షరాల మధ్య ఖాళీ పెడితే మాట విడిపోయినట్టు ఉంటుంది. కొటేషన్లకి థీమ్ ఇటాలిక్ పెడుతుంది, చాలా తెలుగు ఫాంట్లకి ఇటాలిక్ లేదు, బ్రౌజరే అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది, అది తీసేసి ఎడమ పక్క ఒక గీత పెట్టుకోండి. డ్రాప్ క్యాప్ (మొదటి అక్షరాన్ని బాగా పెద్దగా పెట్టడం) జోలికి అసలు పోవద్దు. నేను ఒకరి సైటుకి పెట్టా, ఒక కథ 'స్త్రీ' అనే మాటతో మొదలైంది, నా పాత ఫోన్‌లో 'స్' అనేది కొండంత, మిగతా 'త్రీ' పక్కన చిన్నగా. ఆ రచయిత్రికి ఫోన్ చేసి క్షమించమని అడిగా.

ఫాంట్ల సంగతి. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్ల చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్, గిడుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, దించుకుని మన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. అమ్మగారి రాతకి లోపలి అక్షరాలకి మండలి, హెడింగులకి రామభద్ర అని నా సలహా, రామభద్ర లావుగా సినిమా పోస్టర్ మీద అక్షరాల్లా నిలబడుతుంది. ఎన్‌టీఆర్ వాడితే సైజు పెంచాలి, మిగతావాటి పక్కన అదే సైజులో చిన్నగా కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి మీ థీమ్ లాంటి బ్లాక్ థీముల్లో (పేజీ మొత్తాన్ని ఎడిటర్‌లోనే ముక్కలుగా మార్చుకోగలిగేవి) ఫాంట్ లైబ్రరీ వచ్చింది కాబట్టి ప్లగిన్ అక్కర్లేదు, ఎడిటర్‌లోంచే ఎక్కించుకోవచ్చు.

గుంటమగ్గం:

చాలా థాంక్సండి. మండలి పెట్టి చూశా ఇప్పుడే, లైన్ హైట్ 1.85 చేశా, ఫోన్ అమ్మకిస్తే కళ్లజోడు లేకుండా చదివింది! కానీ బోల్డ్ చేసిన మాటలు అలుక్కుపోయినట్టు వస్తున్నాయి, ఎందుకంటారు?

వత్తులూ_గుడులూ:

మండలికి ఒకటే మందం ఉందండి, బోల్డ్ లేదు, బ్రౌజర్ దానంతట అదే లావు చేస్తోంది. బోల్డ్ ఎక్కువ వాడేట్టయితే నోటో సాన్స్ తెలుగు గానీ అనెక్ తెలుగు గానీ తీసుకోండి, వాటిలో సన్నం నుంచి బాగా లావు దాకా అన్నీ ఉన్నాయి. లేదంటే బోల్డ్ బదులు ఆ మాటకి రంగు మార్చండి, నేనైతే అదే చేస్తా.

ఎడిసన్_అమ్మ:

నేను ఇక్కడ న్యూజెర్సీలో పిల్లల కోసం తెలుగు పద్యాల సైటు నడుపుతున్నా, అదీ బ్లాగు థీమే. నాకు తెలిసొచ్చింది ఏంటంటే బ్లాగు అనగానే కొత్తది పైన, పాతది అడుగున. వార్తలకి అది సరే, కానీ మీ అమ్మగారి కథకి కాదు కదా. 46వ పోస్టు చదివినవాళ్లు మొదటిదాకా ఎప్పటికి వెళ్తారు? నా దగ్గర కూడా మొదట రాసిన తేలిక పద్యాలు అడుగున పడిపోయి పిల్లలు తెరవగానే కష్టమైనవి కనపడేవి.

సెట్టింగ్స్‌లో రీడింగ్‌కి వెళ్తే హోమ్ పేజీగా తాజా పోస్టుల బదులు మనం తయారుచేసిన పేజీ పెట్టుకోవచ్చు. నేను అక్కడ పుస్తకం మొదట్లో విషయసూచిక ఉంటుంది చూడండి, అలా చేశా. మీరైతే పని జరిగే వరసలో పెట్టొచ్చు, అమ్మగారి మాటల్లోనే. నూలు, అద్దకం, పడుగు, అచ్చు అతకడం (కొత్త పడుగు దారాలని మగ్గం మీది దారాలకి కలపడం), కండెలు, నేత. మెనూలో హోమ్, అబౌట్, కాంటాక్ట్ అని ఉంటే అది థీమ్ వాళ్లది, అచ్చు అతకడం అని ఉంటే అది మీ అమ్మది.

పోచంపల్లి_పిల్ల:

అక్కా నేను కూడా నేతగాళ్ల ఇంటి పిల్లనే అందుకే రాస్తున్నా. మాది చిటికి కట్టి (నూలుని ముందే ముడేసి రంగులద్ది) నేసే ఇక్కత్, చీర ఒళ్లంతా డిజైనే ఉంటది. నేను మా సొసైటీ కోసం సైటు చేసినప్పుడు ఆ డిజైన్ మొత్తం తీసి పేజీ వెనకాల పరిచేసిన, బొమ్మే రెండు ఎంబీ, మా ఊరి సిగ్నల్‌కి తెరుచుకోడానికే నిమిషం, తెరుచుకున్నాక దాని మీద అక్షరాలు కనిపియ్యలేదు. మా బాపు చూసి చీర మీద చీర ఆరేసినట్టుంది అన్నడు. తర్వాత ఆ డిజైన్‌ని హోమ్ పేజీలో ఒక్క పట్టీకి తగ్గించిన.

మీకు ఆ ఇబ్బంది లేదక్కా, మంగళగిరి చీర సంగతే వేరు కదా. ఒళ్లంతా ప్లెయిన్, అందమంతా అంచులోనే. మీ థీమ్ తెల్లగా ఖాళీగా ఉందని బాధపడుతున్నరు గానీ అది మీ చీర ఒళ్లే! దాన్ని ముట్టుకోకండి. పైన మీ నైజాం అంచు వెయ్యండి, ఆ చిన్న చిన్న గోపురాలు జరీలో ఉంటాయి చూడండి, ఒకటి రెండు గోపురాలు వచ్చేంత ముక్క ఫొటో తీసి, బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి అడ్డంగా రిపీట్ చెయ్యండి. ముక్క చిన్నది కాబట్టి ఇరవై కేబీ కూడా ఉండదు, ఎంత పెద్ద స్క్రీన్ అయినా ఆ చివర్నించి ఈ చివరిదాకా అంచు సాగిపోతుంది. ముక్క ఎడమ కొసా కుడి కొసా సరిగ్గా అతకాలి, గోపురం మధ్యలో కట్ చేస్తే అతుకు కనపడతది, అది ఒక్కటి చూసుకోండి.

పాతబ్లాగరి:

పోచంపల్లి పాప చెప్పింది చదివాక నేను చెప్పడానికేం మిగల్లేదు. అదే చెయ్యండమ్మా.

కృష్ణకరకట్ట:

గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉన్నవాళ్లం ఏం చెయ్యాలి మరి? మాకు చైల్డ్ థీమ్ లేదు కదా

ఓరుగల్లు_ఫొటోలు:

బ్లాగర్‌ల థీమ్ విభాగంలో బ్యాకప్ అని ఉంటది, ముందు ఆ ఫైలు దించి పెట్టుకోండి, తర్వాత కస్టమైజ్‌ల అడ్వాన్స్‌డ్ కింద సీఎస్‌ఎస్ రాసుకునే జాగ ఉంటది. పైన చెప్పినవి చాలావరకు అక్కడ కూడా పనిచేస్తయ్.

గుంటమగ్గం:

పన్నెండు రోజులు పట్టింది, అయిపోయింది, అందుకే మళ్లీ రాస్తున్నా.

అంచు కోసం అమ్మ బీరువాలోంచి తను నేసిన ఆఖరి చీర తీసింది. పైకప్పు మీద పొద్దున ఏడింటికి ఫొటో తీశా, మధ్యాహ్నం తీస్తే జరీ తెల్లగా వెలిగిపోయి గోపురాలు కనపడలేదు. రెండు గోపురాల ముక్క, పద్నాలుగు కేబీ. అతుకు నాలుగోసారికి కుదిరింది. లింకుల రంగు అదే చీర ఒంటి రంగు, ముదురు ఆకుపచ్చ. మిగతా పేజీ తెల్లగానే వదిలేశా. ఫొటోల కింద అక్షరాలు లేత బూడిద రంగులో వస్తుంటే నల్లగా చేశా, అమ్మ వయసువాళ్లే ఎక్కువ చదువుతున్నారు మరి. మెనూ మాటలు అమ్మనే అడిగి పెట్టా, అద్దకం తర్వాత ఆసు (పడుగు నూలు పోసే పని) ఏదే అని అడిగింది, ఆ విభాగంలో ఇంకా ఏమీ రాయలేదమ్మా అంటే ఆ రాత్రే కూర్చుని రెండు పోస్టులు చెప్పింది.

నిన్న సాయంత్రం మొత్తం చూపించా. ఫోన్ పైకీ కిందకీ జరుపుతూ చాలాసేపు చూసి, పేజీ అడుగుదాకా వెళ్లి ఆగి, "చీరకి రెండంచులుంటాయి కదే, కింద అంచేది?" అంది. రాత్రి పేజీ అడుగున ఉండే ఫుటర్‌లో అదే ముక్క తలకిందులుగా తిప్పి పెట్టాను. గోపురాలు రెండు వైపుల నుంచీ లోపలికి, రాత వైపు చూస్తున్నాయి ఇప్పుడు.