ఆదోని వైపు బడి మానే పిల్లల్ని ఎలా ఆపాలి?

ఆదోని టీచర్:
హైస్కూల్లో ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్ని. పత్తి తీతలు మొదలైతే చాలు, బెంచీలు ఖాళీ అవుతాయి, ఆ తర్వాత మిరపకోతలకు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు వెళ్లిపోతారు. ఇంకొందరు బ్యాగు తగిలించుకుని బయల్దేరతారు గానీ బడికి రారు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. యాప్‌లో హాజరు వేస్తున్నాం సరే, ఆ తర్వాత ఏం చేయాలండీ?

పత్తికొండ సార్:
రెండింటికీ ఒకే మందు పనిచేయదు మేడం. ఎగ్గొట్టేవాడి ఇంటికి ఆ రోజే, మొదటి పీరియడ్ అయ్యేలోపే ఫోన్ వెళ్లాలి. తిట్టడానికి కాదు, ఎందుకు రాలేదో అడగడానికి. రిజిస్టర్‌ని వారాలవారీగా పక్కపక్కన పెట్టి చూడండి. మా దగ్గర ఒకడు ప్రతి సోమవారం రాడు, చూస్తే సోమవారం లెక్కల స్లిప్ టెస్టు, తప్పు చేస్తే అందరి ముందు నిలబెడుతున్నారు. అది మాన్పించాక వాడే వచ్చాడు.

కోసిగి అమ్మ:
సార్ చెప్పింది నిజమే, కానీ వలస సంగతి వేరు. అమ్మఒడి ఉన్నప్పుడు 75 శాతం హాజరు షరతు పెట్టారు, కానీ ఆ డబ్బు ఏడాదికి ఒక్కసారే వచ్చేది, కూలి డబ్బులైతే ఏ రోజువి ఆ రోజు చేతికొస్తాయి. పిల్లను ఎవరి దగ్గర వదిలిపోవాలన్నదే మా టెన్షన్. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద, వలస నెలల్లో నడిచే సీజనల్ హాస్టల్ పెడితే పిల్ల ఊళ్లోనే ఉండి చదువుకుంటుంది. అది మేం బండెక్కాక తెరిస్తే ఏం లాభం? దసరాకే ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకోండి మేడం.