చుక్కల దుప్పికి .223 రైఫిల్ సరిపోతుందా? టెక్సాస్‌లో ఉన్న అల్లుడి కోసం అడుగుతున్నాను

తాడ్వాయి_బీట్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. నేను అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసు ఎక్కువగా ఏటూరునాగారం అభయారణ్యం వైపే గడిచింది. ఇప్పుడు హనుమకొండలో హంటర్ రోడ్డు దగ్గర ఉంటున్నాం.

మా అల్లుడిది టెక్సాస్‌లో ఉద్యోగం, శాన్ ఆంటోనియోలో ఉంటాడు. ఆఫీసులో ఒకాయనకు కెర్‌విల్ దగ్గర రాంచ్ (పశువులు మేపే పెద్ద పొలం) ఉందట. దుప్పి వేటకు రమ్మని పిలిచాడు. మన చుక్కల దుప్పే. 1932లో అక్కడికి తీసుకెళ్లిన జాతి బాగా పెరిగిపోయి అక్కడి తెల్లతోక జింకల మేతకు పోటీ అయిందని, అందుకే ఏడాది పొడవునా వేటాడనిస్తారని అల్లుడు చెప్పాడు. కొత్తవాడు కదా, భుజానికి దెబ్బ తగలదని ఆ రాంచ్ ఆయన .223 రైఫిల్ (ఆ అంకె సుమారుగా తూటా అడ్డుకొలత, అంగుళాల్లో) ఇస్తానన్నాడట. "మామయ్యా, అంత చిన్న తూటాతో అది వెంటనే చనిపోతుందా? మీరు చూసే ఉంటారు కదా" అని ఫోన్‌లో అడిగాడు.

నేను చూసినవన్నీ నాటు తుపాకి దెబ్బలే. మందు కూరి, ఇనుప ముక్కలో సైకిల్ గుండ్లో పోసి, రాత్రి తలకు లైటు కట్టుకుని కాలుస్తారు. పడింది వాళ్లకు దొరుకుతుంది. పడకుండా పోయినదాన్ని ఎవరూ వెతకరు. ఒక వేసవిలో నీటికుంట పక్కన ఆడ దుప్పి ఒకటి కూలబడి కనిపించింది. మేం దగ్గరికి పోయినా లేవలేదు, మెడ మాత్రం ఎత్తి చూసింది. గాయం పాతది, పురుగు పట్టింది. పశువుల డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. కోసి చూస్తే గుండ్లన్నీ పేగుల్లోనే ఉన్నాయి, ఊపిరితిత్తులకు ఒక్కటీ తగల్లేదు.

అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, సరే. ఆ జంతువు ఎన్ని నిమిషాల్లో పోతుంది, గాయంతో పొదల్లోకి పోయే అవకాశం ఎంత, ఇదే నాకు కావాలి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. అల్లుడికి చదివి వినిపిస్తాను.

కాజీపేట_టు_ఆస్టిన్

నమస్తే సార్. నేను పుట్టి పెరిగింది కాజీపేటలో, కొన్నేళ్లుగా ఇక్కడ ఆస్టిన్‌లోనే ఉంటున్నాను. అల్లుడుగారు వెళ్తున్న ప్రాంతంలోనే తెల్లతోక జింకలనూ దుప్పులనూ వేటాడుతుంటాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

.223తో దుప్పి చనిపోతుంది. అయితే తప్పు జరిగితే కాపాడేంత బలం ఆ తూటాలో ఉండదు. మామూలుగా దొరికే 55 గ్రెయిన్ల తూటా బరువు మూడున్నర గ్రాములు. బ్యారెల్ దాటినప్పుడు దాని శక్తి 1,280 ఫుట్ పౌండ్ల దగ్గర ఉంటుంది, 100 గజాలకు వచ్చేసరికి 900 చిల్లరకు పడిపోతుంది. .243లో 100 గ్రెయిన్ల తూటా అదే 100 గజాల దగ్గర 1,600 వరకు నిలబెట్టుకుంటుంది. కొలరాడోలో జింకకు కనీసం .24 కాలిబర్ (తూటా అడ్డుకొలత) ఉండాలి, 100 గజాల దగ్గర 1,000 ఫుట్ పౌండ్లు ఉండాలి అని నియమం, కాబట్టి అక్కడ .223 కుదరదు. ఇంగ్లండ్ 1991 చట్టం కూడా పెద్ద జాతి జింకలకు .240 లోపు రైఫిల్ ఒప్పుకోదు. టెక్సాస్‌లో తెల్లతోక జింకకు .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలు (అడుగు అంచున దెబ్బ పడితే పేలేవి) మాత్రమే నిషేధం. దుప్పిని బయటి జాతి కింద చూస్తారు కాబట్టి దానికి ఆపాటి రక్షణ కూడా లేదు. అంటే ఏ తుపాకి వాడాలన్నది పట్టుకున్నవాడి మనస్సాక్షికే వదిలేశారు.

కాలిబర్ కన్నా ముందు అడగాల్సింది ఏ తూటా అని. .223కి షాపులో ఎక్కువగా దొరికేవి నక్కలకూ చిన్న జంతువులకూ చేసినవి. వాటి పైపొర పల్చగా ఉంటుంది, తగలగానే ముక్కలైపోతాయి. దుప్పి భుజం ఎముకకు తగిలితే పైపైనే పగిలి పెద్ద పుండు చేస్తుంది, లోపలికి పోదు. మీరు భయపడేది సరిగ్గా అలాంటి గాయానికే. షూటింగ్ రేంజిలో ప్రాక్టీసుకు వాడే ఫుల్ మెటల్ జాకెట్ (చుట్టూ గట్టి లోహపు పొర ఉండే తూటా) ఇంకా ఘోరం, సూది గుచ్చినట్టు ఇటు నుంచి అటు పోతుంది. జంతువు పరుగెడుతూనే ఉంటుంది. వాడితే జింకల కోసం చేసిన బాండెడ్ తూటా (సీసం, పైపొర విడిపోకుండా అతికించింది), లేదా పూర్తిగా రాగితో చేసిన తూటా, 60 గ్రెయిన్లు ఆ పైన వాడాలి. మళ్లీ అక్కడొక చిక్కు. లోపలి గాడి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత బ్యారెళ్లలో ఆ పొడవైన తూటాలు నిలకడగా ఎగరవు. 9 అంగుళాలకో అంతకన్నా తక్కువకో ఒక చుట్టు తిరిగే బ్యారెల్ కావాలి. ఆ అంకె చాలా రైఫిళ్లకు బ్యారెల్ మీదే చెక్కి ఉంటుంది, అల్లుడుగారిని చూడమనండి.

ఇక మీరు అడిగిన నిమిషాల సంగతి. పక్కకు తిరిగి నిలబడ్డ జంతువుకు ముందుకాలి వెనక, ఛాతీ కింది నుంచి మూడో వంతు ఎత్తులో తగిలితే గుండె, ఊపిరితిత్తులు చీలిపోతాయి. రక్తపోటు సెకన్లలో పడిపోతుంది. అలా తగిలినా యాభై గజాలో వందో పరుగెత్తవచ్చు. .308 లాంటి పెద్ద తూటా చాలాసార్లు అవతలి నుంచి బయటికొస్తుంది, నేల మీద రక్తం జాడ దొరుకుతుంది. .223 తరచుగా లోపలే ఆగిపోతుంది. వచ్చిన రంధ్రం చిన్నది, చర్మం మూసుకుంటుంది, చుక్క రక్తం కింద పడదు. ఇక్కడి కొండల్లో దట్టమైన సీడరు పొదలు, ఓక్ గుబుర్లు. అరవై గజాల అవతల చచ్చి పడున్న దుప్పి కూడా చీకటి పడితే దొరకదు. చిన్న తూటాతో నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

నా మాట వింటే రాంచ్ ఆయన్ని .243 అడగమనండి. దానికీ భుజం మీద దెబ్బ తక్కువే, ఇక్కడ పిల్లలు కూడా దాంతోనే మొదలుపెడతారు.

కరీంనగర్_షూటర్

పైన అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. నేను వేటాడను, టార్గెట్ షూటింగ్ మాత్రమే. కొత్తవాళ్లు తప్పు చేసేది తూటా వల్ల కాదు, కుదుపు భయం వల్ల. పెద్ద రైఫిల్ ఇస్తే ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసి భుజం ముందుకు తోస్తారు. అప్పుడు .308 తూటా అయినా పొట్టలోకే పోతుంది. ఆ లెక్కన రాంచ్ ఆయన చిన్న రైఫిల్ ఇస్తాననడంలో అర్థం ఉంది.

అయితే బల్ల మీద ఆనించి కాల్చడం వేరు, మోకాలి మీద కూర్చుని గుండె దడదడలాడుతుంటే కాల్చడం వేరు. దుప్పి ఛాతీలో ప్రాణస్థానం దాదాపు 8 అంగుళాల వెడల్పు అనుకోండి. అంత ప్లేటు పెట్టుకుని, వేటలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, ప్రతి తూటా అందులో పడే దూరం ఎంతో ముందే తెలుసుకోవాలి. అదే ఆయన హద్దు. ఎదురుగాలి పర్వాలేదు, అడ్డగాలి ఉంటే మాత్రం తేలిక తూటా 200 గజాల దగ్గర నాలుగైదు అంగుళాలు పక్కకు పోతుంది. .223 తీసుకుంటే 100 గజాలు దాటి కాల్చకూడదని నా అభిప్రాయం.

పరకాల_పిల్ల

అంకుల్, అల్లుడుగారు హెచ్1బీ మీద ఉన్నారా? ఉంటే ముందు ఈ సంగతి చూసుకోమనండి. వీసా మీద ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకి చేతిలో ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. ఫ్రెండుది కదా, ఒక్కసారే కదా అని లైసెన్సు లేకుండా పట్టుకుంటే వీసాకే ఎసరు. దుప్పికి కూడా టెక్సాస్ లైసెన్సు కావాలి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉంటుంది. మా అన్నయ్య అంతా పూర్తయ్యాకే రేంజికి వెళ్లాడు.

మక్కచేను_భూపాలపల్లి

ఇంత మాట్లాడుకుంటున్నరు కాబట్టి అడుగుతున్న. మాకు మక్క చేన్ల అడవిపందులతోని నిద్ర లేదు, దుప్పులు కూడా వస్తయి. ఇక్కడ చిన్న .22 లైసెన్సు తీసుకుని చేను కాపాడుకోవచ్చా?

తాడ్వాయి_బీట్

భూపాలపల్లి తమ్ముడూ, ముందు నీకే చెప్తాను. లైసెన్సు తుపాకి ఉన్నా ఇక్కడ దుప్పి మీద గురిపెట్టకూడదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది జైలు కేసు. అడవిపంది సంగతి వేరే, దానికి శాఖ ద్వారా అనుమతి తీసుకుని, అధీకృత షూటర్లతోనే చేయించాలి. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టు, పంట నష్టం ఫొటోలతో సహా. .22తో పందిని కాల్చే ఆలోచన మానుకో. మామూలు .22 తూటా శక్తి 150 ఫుట్ పౌండ్లు కూడా ఉండదు. పంది చావదు, గాయంతో మనిషి మీదికొస్తుంది. ఇక చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పొరపాటున కూడా పెట్టకు. తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతులే దానికి బలవుతున్నారు.

మిగతా అందరికీ చాలా థ్యాంక్స్. వీసా సంగతి మాకు తట్టనే లేదమ్మా. అల్లుడికి రాత్రే చెప్పాను, లైసెన్సు వచ్చేదాకా తుపాకి ముట్టనన్నాడు. .243 అడుగుతానన్నాడు. అది దొరక్కపోతే రాగి తూటాలు, 100 గజాల హద్దు, పక్కకు తిరిగి నిలబడితేనే కాల్చడం. ఈ మూడింటికీ ఒప్పుకున్నాడు. దెబ్బ తగిలిన వెంటనే వెంటపడొద్దని నేను కూడా చెప్పాను. అరగంట కదలకుండా ఉంటే అది దగ్గర్లోనే పడుకుంటుంది, తరిమితే మైళ్లు పోతుంది. పొట్టలో తగిలిందని అనుమానం వస్తే కొన్ని గంటలు ఆగాలి.

తుపాకుల సంగతి మీకు తెలుసు, దుప్పి సంగతి నాకు కొంచెం తెలుసు. రెండు మాటలు చెప్తాను. దుప్పులు గుంపుగా, ఒకదాని వెనక ఒకటి నిలబడి మేస్తాయి. తూటా అవతలికి పోయేదైతే వెనకున్నదానికి కూడా తగులుతుంది, దాన్ని ఎవరూ గమనించరు కూడా. గుంపు విడిపోయేదాకా ఆగాలి. రెండోది, వీటికి ఫలానా నెలలోనే ఈనాలని లేదు. ఏడాదిలో ఎప్పుడైనా పిల్లలుంటాయి. ఈనిన కొత్తలో తల్లి పిల్లను గడ్డిలో దాచి, కాస్త దూరంగా ఒంటరిగా మేస్తుంది. ఆడది ఒక్కతే ఉంది కదా అని కాలిస్తే గడ్డిలో రెండో ప్రాణం పోతుంది. బైనాక్యులర్‌తో పొదుగు చూడమన్నాను. అక్కడ మీరేం చేస్తారు, కాజీపేట బాబూ?

కాజీపేట_టు_ఆస్టిన్

సార్, పొదుగు చూడాలని ఇక్కడ నాకు ఎవరూ చెప్పలేదు. తెల్లతోక జింకకు సీజన్ వచ్చేసరికి పిల్లలు పెద్దవైపోతాయి కాబట్టి ఆ అలవాటు లేదు. నేను ఇప్పటిదాకా మగవాటినే కాల్చాను. దుప్పుల సంఖ్య తగ్గాలంటే ఆడవాటినే తీయాలని రాంచ్‌వాళ్లు అడుగుతుంటారు. అల్లుడుగారికి మొదటిసారి కాబట్టి మగదానికే పరిమితం కమ్మని చెప్పండి. కొమ్ముల మీద మెత్తటి తోలు ఉన్నా లేకున్నా ఇక్కడ అభ్యంతరం లేదు. కెర్‌విల్ వెళ్లేముందు నాకు మెసేజ్ పెట్టమనండి, రైఫిల్ గురి సరిచూడటానికి నేను కూడా రేంజికి వస్తాను.