మలబద్ధకానికి విటమిన్ సి: మందా, దుష్ప్రభావమా?

పారిజాతం:
నాలుగేళ్లుగా మలబద్ధకం. వారానికి రెండుసార్లు అయితే గొప్ప. ఎనిమిది నెలలుగా రాత్రి పడుకునే ముందు 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, పొద్దున మరో 500 వేసుకుంటున్నాను. ఇప్పుడు రోజు విడిచి రోజు సాఫీగా అవుతోంది. ఇంత తేలికైన మందు గురించి ఎవరూ చెప్పరెందుకు? మీలో ఎవరైనా వాడారా?

సూటిమాట:
మందు అనకండి. పేగు గోడ విటమిన్ సిని ఒక హద్దు వరకే లోపలికి తీసుకుంటుంది. రోజుకు 30 నుంచి 180 మి.గ్రా. తీసుకుంటే 70 నుంచి 90 శాతం ఒంటికి పడుతుంది. ఒక గ్రాము దాటితే సగం కూడా పట్టదు. పట్టనిది పేగులో ఉండిపోయి నీటిని లాగుతుంది. మీకు అవుతున్నది అదే. అమెరికాలో 2000వ సంవత్సరంలో పెద్దలకు రోజుకు 2000 మి.గ్రా. గరిష్ఠ పరిమితి పెట్టినప్పుడు ముఖ్యంగా చూసింది ఈ నీళ్ల విరేచనాలనే. హద్దు దాటినప్పుడు వచ్చే దుష్ప్రభావాన్ని మందు అని పిలవడం నాకు మింగుడు పడదు.

పారిజాతం:
మలబద్ధకానికి డాక్టర్లు రాసే లాక్టులోజ్ మాత్రం చేసేదేమిటి? జీర్ణం కాకుండా పెద్దపేగు దాకా వెళ్లి నీటిని లాగుతుంది. పాలీఇథిలిన్ గ్లైకాల్ అయినా, మెగ్నీషియం అయినా నీటితోనే పని. వాటికైతే మందు అన్న పేరు, దీనికైతే దుష్ప్రభావమా? పెద్దపేగు పరీక్షకు ముందు కడుపు ఖాళీ చేయడానికి తాగించే ద్రావణాల్లో కొన్నింటిలో ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే ఈ విటమిన్ సినే, కలుపుతారు. అది ఉండబట్టే నాలుగు లీటర్లు తాగాల్సిన చోట రెండు సరిపోతున్నాయి. డాక్టర్లు వాడితే వైద్యం, నేను వాడితే తప్పు!

నీలిమేఘం:
నాకు 500కే కడుపులో మంట, ఉబ్బరం. వారంలో మానేశాను.

సూటిమాట:
ఆ ద్రావణంలో లీటరుకు 4.7 గ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం, దాని లవణమైన సోడియం ఆస్కార్బేట్ 5.9 గ్రాములు ఉంటాయి. అది ఒక పరీక్ష కోసం ఒకసారి తాగేది. మీది ఎనిమిది నెలల వాడకం. పైగా లాక్టులోజ్ దాదాపుగా ఒంటికి పట్టదు. విటమిన్ సి కొంత పడుతుంది, పట్టినదాంట్లో కొంత, రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. స్వీడన్‌లో మగవాళ్ల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మాత్రలు వాడేవాళ్లకు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చే అవకాశం సుమారు రెట్టింపుగా కనబడింది. 2023లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘాలు దీర్ఘకాలిక మలబద్ధకానికి మార్గదర్శకాలు ఇచ్చాయి. పాలీఇథిలిన్ గ్లైకాల్, సెన్నా, మెగ్నీషియం ఆక్సైడ్, లాక్టులోజ్ అన్నీ అందులో ఉన్నాయి. విటమిన్ సి లేదు.

పారిజాతం:
మగవాళ్ల మీద అని మీరే రాశారు. ఆడవాళ్లలో ఆ సంబంధం కనబడలేదని తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. నేను ఆడదాన్ని.

గట్టుమీద:
ముందు నీళ్లు, పీచు, నడక సరిచూసుకోండి. అన్నీ అవే సర్దుకుంటాయి.

పారిజాతం:
నీళ్లు తాగమని ఈ నాలుగేళ్లలో నాకు చెప్పని మనిషి లేడు. తాగుతున్నాను. నడుస్తున్నాను. పీచు పెంచితే ఉబ్బరం పెరిగింది తప్ప ఒరిగిందేమీ లేదు. నేను వెళ్లిన డాక్టరు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా "ఆడవాళ్లకు ఇది మామూలే, మనసుకు పట్టించుకోకండి" అన్నారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. నా బాధ నేను తీర్చుకునే దారి దొరికితే, దానికి ఏ పేరు పెట్టాలో మీరు చెబుతున్నారు.

సూటిమాట:
పేరు ముఖ్యమే. దుష్ప్రభావం దుష్ప్రభావమే.

రాత్రిబడి:
మూడు రోజులుగా ఇదే మాట. సూటిమాట గారూ, 1500 అంటే మీరు చెప్పిన పరిమితిలోపే కదా. ఇంత పంతం ఎందుకు?

పారిజాతం:
నేనూ అదే అడుగుతున్నాను. నా పేగుతో మీకేం పని?

సూటిమాట:
చెబుతాను. మా అన్నయ్యకు 52 ఏళ్లు. ఏడాదిపాటు మీలాగే ఈ మాత్రలతో నెట్టుకొచ్చాడు. సాఫీగా అవుతోంది కదా అని ఊరుకున్నాడు. బరువు తగ్గుతుంటే నడక వల్ల అనుకున్నాడు. మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. విటమిన్ సి ఎక్కువగా వాడేవాళ్లకు ఆ పరీక్ష, రక్తం ఉన్నా లేదని చూపించవచ్చట. మాకు తర్వాత తెలిసింది. ఏం మందులు వాడుతున్నారని ఆసుపత్రిలో అడిగారు. ఏమీ లేవన్నాడు. విటమిన్ మందు కాదు కదా! ఐదు నెలల తర్వాత పేగులో కణితి బయటపడింది. ఉన్నాడు, చికిత్స నడుస్తోంది. ఆ ఐదు నెలలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

రాత్రిబడి:
నేను ల్యాబులో పని చేస్తాను. మీరు చెప్పింది నిజమే, కాకపోతే అది గయాక్ అనే పాత పద్ధతిలో. దానికి మూడు రోజుల ముందు నుంచి విటమిన్ సి రోజుకు 250 మి.గ్రా. దాటకూడదని చెబుతాం. యాంటీబాడీలతో చేసే కొత్త పద్ధతికి ఆ ఇబ్బంది లేదు.

పారిజాతం:
మీ అన్నయ్యగారు కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆయన దాన్ని మందు అనుకుని ఉంటే ఆ రోజు చెప్పి ఉండేవారు. నేను మందు అంటుంటే మూడు రోజులుగా కాదంటున్నది మీరే.

సూటిమాట:
... నిజమే. ఇలా ఆలోచించలేదు. నాకు కోపం ఆ మాట మీద కాదు. బాధ తగ్గిందని కారణం వెతకడం మానేయడం మీద. మీకు ఎందుకు వచ్చిందో ఎవరైనా చూశారా? థైరాయిడ్? రక్తహీనత? మీరు వాడే వేరే మాత్రలు?

పారిజాతం:
ఎవరూ చూడలేదు. నాలుగేళ్లలో థైరాయిడ్ పరీక్ష ఒక్కరూ రాయలేదు. నేను కారణం వెతకడం మానలేదండీ. వెతకమని అడిగితే నీళ్లు తాగమన్నారు.

సూటిమాట:
అయితే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. రాసి తీసుకెళ్లండి. ఎంత, ఎప్పటి నుంచి, ఏ పూట, అన్నీ.

నీలిమేఘం:
ఐరన్ మాత్రలు వాడుతుంటే అది కూడా రాయండి. నాకు మలబద్ధకం వాటితోనే మొదలైంది.

పారిజాతం:
వాడుతున్నాను. మూడేళ్లు దాటింది. దాని గురించి నన్ను ఎవరూ అడగలేదు. సోమవారం వెళ్తున్నాను, కాగితంలో అన్నిటికంటే పైన రాసుకునేది అదే. విటమిన్ సి మాత్రం అప్పటిదాకా ఆపను.